ఇస్త్రీపెట్టె లెక్కతో వేసిన తీగ

నిన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా తమ్ముడి కూతురు మానస చేతిలోంచి కట్టర్ లాక్కున్నాను. చిన్నపిల్లేం కాదు, ఇరవై ఏడేళ్లది. తార్నాకలోనే ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. ఈమధ్య ఒక పాత కారు కొనుక్కుంది. దానికి ఆంప్లిఫయర్ పెట్టుకోవాలని కొరియర్‌లో ఒక పెట్టె తెప్పించుకుంది. తీగలూ ఫ్యూజూ స్క్రూలూ అన్నీ అందులోనే వచ్చాయట. ఫోన్‌ని బానెట్ మీద నిలబెట్టి, అందులో ఎవరో చెబుతుంటే విని చేసుకుంటూ పోతోంది. కూరగాయల సంచితో లోపలికి వస్తున్నదాన్ని, ఒకసారి చూసి వెళ్దామని ఆగాను. ఇక వెళ్లలేకపోయాను. తీగ ఎర్రగా నిగనిగలాడుతూ నా చిటికెన వేలంత లావుంది. కొస పట్టుకుని చాకుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత పూసి, పైన దిట్టమైన ప్లాస్టిక్ తొడిగి అమ్ముతున్నారు.

“అత్తా, ఫోర్ గేజ్ లావని రాసున్నది గదా దాని మీద!” అంది మానస. “రాసింది కాదే, లోపల ఉన్నది చూడు. దీన్ని వేస్తే వేడెక్కుతుంది. అసలు రాగిది తెప్పించు,” అన్నాను. “సరే, తెప్పిస్త. కట్టర్ ఇటియ్యి, మిగతా పని నేను చేస్కుంట,” అంది. అది న్యాయమైన మాటే. నేను ఇవ్వలేదు. తీగ దారి తప్పుగా ఉందన్నాను, ఎర్త్ స్క్రూ దగ్గర పెయింటు గీకలేదన్నాను, నడుం వంగదని తెలిసీ డిక్కీలోకి తల దూర్చాను. అది కాసేపు చేతులు కట్టుకుని నిలబడింది. “నువ్వే చేస్కో అత్తా. గిది నా బండని యాదికున్నదా నీకు?” అని లిఫ్ట్ ఎక్కి వెళ్లిపోయింది. కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

పైకి వచ్చి కుదురుగా కూర్చోలేకపోయాను. టీ పెట్టి చల్లారబెట్టాను. మొక్కలకు రెండుసార్లు నీళ్లు పోశాను. బాల్కనీలోంచి మెట్రో వెళ్లడం చూశాను, ఇంకోటి వచ్చేదాకా నిలబడి అదీ చూశాను. నాకు అరవై దగ్గర పడుతున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బతికాను. అయినా ఒక పిల్లను తన బండిలో తన తీగ వేసుకోనివ్వలేకపోయాను. నాయన పోయి రెండేళ్లయింది. ఆయన ఉంటే నన్ను ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఒకసారి వరసగా తొమ్మిది రోజులు భరించాను.

మాది నంద్యాల దగ్గర. నాయనకు యూనివర్సిటీ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చి క్యాంపస్ క్వార్టర్స్‌లో రెండు గదుల ఇంట్లో పడ్డాం. మా ఇంట్లో గోడలకు దేవుడి పటాలకన్నా తీగచుట్టలే ఎక్కువ. వంటింటి వైపు మేకుకు సన్నవి, వీధి తలుపు దగ్గరికి వచ్చేసరికి లావువి. ఎవరు వచ్చినా మొదట వాటికి తల కొట్టుకునేవారు. నాయన సాయంత్రం ఇంటికి వస్తే చొక్కా నుంచి సోల్డరింగ్ వాసన వచ్చేది. గుగ్గిలం కాలినట్టు, కాస్త తియ్యగా. అమ్మకు తలనొప్పి తెప్పించే ఆ వాసన నాకు ఆకలి పుట్టించేది. కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, బట్టల సబ్బుతో కడుక్కుని, అప్పుడు గాని జొన్నరొట్టె ముట్టేవాడు కాదు. నాయన వాళ్లమ్మ, మా జేజి, గుమ్మంలో కూర్చుని వక్కాకు దంచుకుంటూ వాడకట్టంతా విచారించేది. ఉదయాలు ఉగ్గానికి బొరుగులు నానబెట్టి పిండే పని నాది. సగం పిండి, సందులో ఎవరి స్కూటర్ ఆగిందో చూడ్డానికి పరిగెత్తేదాన్ని. “దీని కాళ్లకు చక్రాలుండాయిరా,” అనేది జేజి.

ఆ ఏడు నేను పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమాకు ఫారం తెచ్చుకున్నాను. అమ్మకు ఇష్టం లేదు. ఆడపిల్ల స్తంభాలెక్కి ఏం చేస్తుందని ఆమె బాధ. నాయన అవుననలేదు, కాదనలేదు. “ఆలోచిద్దాం” అని ఫారం తీసి క్యాలెండరు వెనక దోపాడు. దాని మీద ఆయన సంతకం ఒక్కటే కావాలి, గడువు నెలాఖరు. నేను రోజుకు నాలుగుసార్లు క్యాలెండరు ఎత్తి చూసేదాన్ని. సంతకం కోసం కాళ్లావేళ్లా పడేకన్నా, నాకు పని వచ్చని చూపిస్తే ఆయనే పెడతాడని నా ఆశ. ఆ చూపించే దారి చిన్నాయన బండి రూపంలో వచ్చింది.

చిన్నాయన అంటే నాయన తమ్ముడు ఓబులేసు. బౌద్ధనగర్‌లో ఒక గది తీసుకుని, పాత అంబాసిడర్ ఒకటి తార్నాక చౌరస్తాలో నిలబెట్టి బాడుగలకు తిప్పేవాడు. పెళ్లిళ్ల కాలం. పెళ్లికొడుకుని ఎక్కించుకునే బండిలో పాట గట్టిగా మోగకపోతే ఎవరూ పిలవడం లేదని, కోఠీకి పోయి బూస్టరు తెచ్చాడు. ఆంప్లిఫయర్‌ని అప్పట్లో అందరం బూస్టరనే అనేవాళ్లం. గల్లీలో ఎవరో బిగించిన రేకు డబ్బా, ముందు వైపు రెండు వందల వాట్లని అచ్చు. నాయన దాన్ని తిప్పి చూసి, “ఆదివారం దాంకా ఆగండి. దీనికి తగిన తీగ చూసి తెస్తా,” అన్నాడు. అది గురువారం. చిన్నాయనకు శనివారం ఊరేగింపు ఉంది. నాకైతే శుక్రవారం వరకు ఆగడం కూడా గగనమే.

“ఏమ్మే, నీకు వస్తాదా?” అని మెల్లిగా అడిగాడు చిన్నాయన. వస్తుందన్నాను. నిజానికి నాకు లెక్క కూడా వచ్చు. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె ఏడు వందల యాభై వాట్లది. అది సన్న తీగ మీద గంటలకొద్దీ నడుస్తుంది, తీగ గోరువెచ్చగా కూడా కాదు. బూస్టరు రెండు వందల వాట్లే. అంటే ఇస్త్రీపెట్టె తీగలో మూడో వంతు చాలు. పైగా గోడలో ఉండేది రెండు వందల ముప్పై వోల్టులు, ముట్టుకుంటే విసిరికొడుతుంది. బండిలో పన్నెండే, చేత్తో పట్టుకున్నా చురుక్కుమనదు. ఎలక్ట్రీషియన్ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, కరెంటంటే నాకు తెలిసింది గోడలో ఉన్న ఆ రెండు వందల ముప్పయ్యే. దాని భయమే నాకు నేర్పారు. పన్నెండు వోల్టులకు ఎవరూ భయపడగా చూడలేదు.

వంటింటి వైపు మేకు మీది చుట్ట దించాను. శుక్రవారం నాయన డ్యూటీకి వెళ్లగానే పని మొదలుపెట్టాం. బ్యాటరీ దగ్గర నుంచి ఇంజను వెనక రేకులో ఉన్న రంధ్రం గుండా తీగ లోపలికి లాగాను. ఆ రేకు అంచు కత్తిలా ఉంది, లాగుతుంటే తీగ తొడుగు కాస్త గీసుకుంది కూడా. గుంజితే వచ్చింది కదా అని వదిలేశాను. కాళ్ల కింద పరిచే చాప కిందనుంచి, వెనక సీటు కిందనుంచి డిక్కీ దాకా తీసుకెళ్లాను. ఫ్యూజు మరిచిపోలేదు. డిక్కీలో బూస్టరు పక్కనే అందంగా బిగించాను. కాపాడుకోవలసింది బూస్టరును కదా అనుకున్నాను. మధ్యాహ్నం మూడు దాటేసరికి పాట మోగింది. క్వార్టర్స్ వరస మొత్తం బయటికి వచ్చింది. చిన్నాయన నా తల నిమిరి, “మా యన్నకు వారం పట్టే పని, నా బిడ్డ ఒక పూటలో చేసింది,” అన్నాడు. ఆ మాట నాయన వింటే బాగుండునని సందు మలుపు వైపు చూస్తూనే ఉన్నాను.

జేజికి ముచ్చటేసింది. ఆమె మోకాళ్లు అప్పటికే మొండికేశాయి. ఇద్దరం చెరో వైపు పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాం. తత్వాల క్యాసెట్ పెట్టమంది. చిన్నాయన శబ్దం పెంచాడు. జేజి కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తోంది. రెండో పాట మధ్యలో, పక్కింటి యాదగిరి మామ, లాబొరేటరీలో అటెండరు, ముక్కు ఎగబీల్చి “ఏందో కాలుతున్నది బిడ్డా!” అన్నాడు. అప్పటికే జేజి కాళ్ల దగ్గర చాప అంచు నుంచి సన్నగా పొగ లేస్తోంది. చిన్నాయన తాళం తిప్పి తీసేశాడు. పాట ఆగింది. పొగ ఆగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చిన తీగకు తాళంతో సంబంధమేముంది? సన్న తీగ ఆ బరువుకు వేడెక్కి తొడుగు కరిగింది, జేజి కాళ్ల కింద లోపలి రాగి బండి రేకుకు తగిలి, కరెంటు డిక్కీలోని ఫ్యూజు దాకా పోకుండా మధ్యలోనే దారి వెతుక్కుంది. నాకు అదంతా అప్పుడు తెలియదు. తీగ పొడుగునా చాప కింద ఎర్రగా ఒక గీత లేవడం మాత్రం చూశాను. నా కాళ్లు కదలలేదు. ఏనాడూ ఒకచోట నిలవని కాళ్లు.

చిన్నాయన, యాదగిరి మామ కలిసి జేజిని చంకల కింద పట్టుకుని బయటికి లాగారు. ఆమె చీర కుచ్చిళ్లు అంటుకుంటే మామ చేతులతో అణిచాడు. అంతలో నాయన సైకిలు మలుపు తిరిగింది. ఆయన సైకిలు దిగలేదు, వదిలేశాడు. బానెట్ ఎత్తాడు. పానా వెతికే సమయం లేక, కాలుతున్న తీగను బ్యాటరీ దగ్గర వట్టి చేత్తో పట్టుకుని పెరికేశాడు. తొడుగు కరిగి ఆయన కుడి అరచేతికి అంటుకుపోయింది. మామ బకెట్టుతో తెచ్చిన మట్టి చాప మీద పోశాడు. జేజి గట్టు మీద కూర్చుని దగ్గుతూ, “పాపను కొట్టొద్దురా, పాపను కొట్టొద్దు,” అంటోంది. నాయన ఎవర్నీ కొట్టలేదు. డిక్కీ తెరిచి, బూస్టరు పక్కన చెక్కుచెదరకుండా ఉన్న ఫ్యూజును చూసి, మళ్లీ మూసేశాడు.

ఆ తర్వాతివే ఆ తొమ్మిది రోజులు. నాయన తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఎడమ చేత్తో రొట్టె తుంచుకుని తినేవాడు, నా వైపు చూసేవాడు కాదు. అమ్మ మాత్రం వినపడేలా అనేది, “ముసలిదాన్ని సంపేంత పని చేసింది. ఇంగ ఎలక్ట్రికల్ సదువంట, ఎలక్ట్రికల్!” నేను కాలుగాలిన పిల్లిలా క్యాంపస్ అంతా తిరిగేదాన్ని. లైబ్రరీ దాకా పోయి లోపలికి పోకుండా వచ్చేదాన్ని, హాస్టళ్ల వెనక బండరాళ్లెక్కి దిగేదాన్ని. క్యాలెండరు ఎత్తి చూడ్డానికి ధైర్యం చాలలేదు. ఫారం చింపేసి ఉంటాడని ఒక రోజు, చింపకపోయినా ఇక సంతకం పెట్టడని ఒక రోజు అనుకునేదాన్ని. నెలాఖరు దగ్గర పడుతోంది. నా బతుకు ఇంతేనని, అది కూడా నా చేతులారా చేసుకున్నదేనని అనుకుంటూ, జేజి పక్కన పడుకుని ఆమె చీర కాలిన వాసన ఇంకా వస్తోందేమోనని చూసుకునేదాన్ని.

రెండో ఆదివారం పొద్దున చిన్నాయన బండి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. నాయన బయట బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని నన్ను పిలిచాడు. సుద్దముక్క ఇచ్చి గచ్చు మీద రాయమన్నాడు.

“బూస్టరు మీద ఎంతని ఉండాది?”

“రెండు వందల వాట్లు.”

“బండిలో ఎన్ని వోల్టులు? భాగించు.”

పన్నెండుతో భాగించాను. పదహారు దాటింది.

“అది పాటకు పోయేది. వేడి కింద అదే తినేది ఇంకా అంత ఉంటాది. ముప్పై ఆంపియర్లు రాసుకో. ఇప్పుడు మనింటి ఇస్త్రీపెట్టె రాయి.”

ఏడు వందల యాభైని రెండు వందల ముప్పైతో భాగించాను. మూడు చిల్లర. గచ్చు మీద ముప్పై, దాని పక్కన మూడు. మూడు ఆంపియర్లు మోసే లెక్కతో ముప్పై మోయించాను. మూడో వంతు చాలనుకున్న చోట పది రెట్లు కావాలి. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. లెక్క రాక కాదు, ఏ లెక్క వేయాలో అడగడానికి మూడు రోజులు ఆగలేక.

“వోల్టులు మనిషిని పట్టుకుంటాయి. ఆంపియర్లు తీగను పట్టుకుంటాయి,” అన్నాడు నాయన. అంతే, మందలింపు లేదు. సికింద్రాబాదు నుంచి తెచ్చిన తీగ ముందర పెట్టాడు. బొటనవేలంత లావు, లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు వందలకొద్దీ. ఎంత దూరం పోతే అంత లావుండాలన్నాడు. ఫ్యూజు డబ్బా ఇచ్చి ఎక్కడ పెడతావని అడిగాడు. డిక్కీ వైపు చూశాను. “ఫ్యూజు ఉండేది బూస్టరు కోసం కాదు, తీగ కోసం. బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాల. తీగకన్నా ముందు అది సావాల,” అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ చెయ్యి బయటికి తీయలేదు. మొదట బ్యాటరీ తీగలు విప్పించాడు. తొడుగు కోస్తూ నేను నాలుగు పోగులు తెంపితే “మల్లా” అన్నాడు. మూడుసార్లు “మల్లా” అన్నాడు. రేకు రంధ్రానికి రబ్బరు బుష్ తొడిగించాడు. పెట్రోలు గొట్టానికీ, సీటు జరిగే పట్టాలకూ దూరంగా తీగను నడిపించమన్నాడు. ఎర్త్ బిగించే చోట రంగు పోయి రేకు మెరిసేదాకా గీకించాడు. చిన్నాయన ఆగలేక, “ఇటియ్యిమ్మే, నేను బిగిస్తా,” అని వంగితే, “ఓబులేసూ, నువ్వు ఊరకుండు” అని ఆపేశాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇవాళ ఏది కావాలన్నా ఫోన్‌లో ఎవరో ఒకరు చేసి చూపిస్తారు. ఏ లావు తీగకు ఎన్ని ఆంపియర్లో పట్టిక ఉంటుంది. మానస నాకన్నా బాగా చదువుకుంది, ఒక్క నిమిషంలో వెతికి తీస్తుంది. మాకు తెలియనివి దానికి తెలుసు, దాని పెట్టెలో ఫ్యూజు బ్యాటరీ వైపే ఉంది. కరువైనది తెలివి కాదు. పక్కన కూర్చుని, తెలిసీ చెయ్యి పెట్టకుండా ఉండే మనిషి. మా ఆఫీసులో నా కింద పనిచేసిన పిల్లలెందరి చేతుల్లోంచి స్క్రూడ్రైవర్లు లాక్కున్నానో లెక్కలేదు. అంతా పని బాగా జరగాలనే అనుకున్నాను. వాళ్లలో ఒక్కరూ నాకు ఫోను చేయరు.

పని పూర్తయ్యాక ఫ్యూజు నన్నే పెట్టమన్నాడు. పాట మోగింది. ఈసారి ఎవరూ బయటికి రాలేదు, కిటికీల్లోంచే చూశారు. నాయన ఇంట్లోకి పోయి జేజి చెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చాడు. “మెట్టుగూడ పోదాం పామ్మా, అక్కను చూసొద్దాం,” అన్నాడు. మా మేనత్త అక్కడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది. అమ్మ గుమ్మంలో నిలబడి, “ఆ బండ్లో వద్దు, నా మాటినండి,” అంటూనే ఉంది. జేజి ఒక్క క్షణం బండి వైపు చూసి ఎక్కింది. ఆమెను సరిగ్గా అదే సీట్లో, కాళ్ల కింద తీగ పోయే వైపే కూర్చోబెట్టాడు. తను పక్కన కూర్చున్నాడు. నేను ముందు సీట్లో చిన్నాయన పక్కన. “పాట పెట్టు. పెద్దగా పెట్టు,” అన్నాడు.

క్యాంపస్ గేటు దాటి తార్నాక చౌరస్తా తిరిగాక వెనక్కి చూశాను. నాయన నిటారుగా కూర్చుని లేడు. ముందుకు వంగి, జేజి పాదాల పక్కన చాప మీద ఎడమ చేతి వెనక వైపు ఆనించి ఉంచాడు. వేడి తెలుసుకోవాలంటే అరచెయ్యి కాదు, చేతి వెనక పెట్టాలి. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మెట్టుగూడ దాకా ఆయన నడుం ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దుటి నుంచి నాచేత అన్నీ చేయించి, చివరికి నమ్మలేదన్నమాట. అత్త పెట్టిన బొరుగులుండ ముట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడనే లేదు.

ఇంటికి రాగానే నాయన క్యాలెండరు వెనకనుంచి ఫారం తీశాడు. కట్టు కట్టిన కుడి చేత్తో పెన్ను ఇరికించుకుని సంతకం పెట్టాడు. నాలుగు అక్షరాలు నాలుగు వైపులా పోయాయి. సంతోషించాల్సిన చోట నేను గట్టిగా ఏడ్చాను. “నమ్మకం లేకుంటే ఎందుకు పెడతావు నాయనా? దారి పొడుగునా చెయ్యి కిందే పెట్టుకున్నావు. నేను చూళ్లేదనుకున్నావా?”

నాయన ఫారం మీద సిరా ఆరేదాకా ఊది, నాకు అందించాడు.

“నమ్మకం లేకుంటే మా యమ్మను ఆ సీట్లో కూచోబెట్టింటానా?”

“మరి ఆ చెయ్యి?”

“అది నా భయం లేమ్మా,” అన్నాడు. “దాన్ని నేనే పట్టుకోని కూచున్నా. నీ చేతికి ఇయ్యలేదు కదా.”